రెండు చెట్ల దూరం

“అక్కడే ఆగండి. గేటు దాటొద్దు,” అంది హెల్మెట్ పెట్టుకున్న అమ్మాయి.

గేటు మీద వేసిన చెయ్యి అలాగే ఉంచి ఆగిపోయాడు ప్రతాప్. వెనకే మిఠాయి పెట్టెతో వస్తున్న అతని తల్లి అచ్చియమ్మ అతని వీపుకి గుద్దుకుంది.

పెళ్ళి సంబంధం చూసిన గిరిబాబు చెప్పిన గుర్తులన్నీ సరిగ్గానే ఉన్నాయి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీ, ఒకే అచ్చులో పోసినట్టున్న క్వార్టర్ల వరస, ముందు ఎండిపోయిన నీలగిరి చెట్టు. పిల్ల నిక్కచ్చి మనిషి, బెదురు లేదని కూడా చెప్పాడు. నారింజరంగు ప్యాంటు సంగతి, చేతిలో మోటారు రంపం సంగతి మాత్రం చెప్పలేదు.

“ఇవాళ వస్తామన్నది మీరేనా?”

“అవునండి.”

“ఆలస్యమైంది. ఈ పనికి ఇస్త్రీ చొక్కా ఏటండీ?”

ఆడంబరం లేని పిల్ల అనుకున్నాడు ప్రతాప్. ఆమె చూపు మిఠాయి పెట్టె మీద పడింది.

“అలాంటివి నేను తీసుకోను. గోడ మీద పెట్టేయండి.”

అచ్చియమ్మ పెట్టె గోడ మీద పెట్టి, క్వార్టరు తలుపుకి వేసిన తాళం చూసింది. “పెద్దవాళ్ళెవరూ లేరేటమ్మా?”

“అందర్నీ పంపించేశానమ్మా. పెద్దవాళ్ళుంటే తలో సలహా ఇస్తారు, పని సాగదు.”

“ఎల్లిపోదాం పదరా,” అంది అచ్చియమ్మ కొడుకు చెవిలో.

ఇంతవరకూ వచ్చిన సంబంధాలన్నీ ఇలాగే పోయాయి. ఒకమ్మాయి గొంతు పెద్దదనీ, ఇంకో ఇంట్లో కాఫీ చల్లారిందనీ ఆవిడ లేచేది. ఆవిడ లేస్తే ప్రతాప్ లేచేవాడు. ఈసారి ఎందుకో అతని కాలు కదల్లేదు.

అమ్మాయి ఇద్దరికీ హెల్మెట్లు ఇచ్చింది. అచ్చియమ్మ కొప్పులో పూలున్నాయి. హెల్మెట్ నిలవకపోతే గడ్డం కింద పట్టీ ఆ అమ్మాయే బిగించింది. ఫోన్లు ఆపేయమంది. ఆపేశారు.

“ఇంతకు ముందు అనుభవం ఉందా?” అని అడిగింది ప్రతాప్‌ని.

అతను ఉలిక్కిపడ్డాడు. “లేదండి. ఇదే మొదలు.”

“అదే మంచిది. చెడ్డ అలవాట్లుండవు. ఇప్పుడెక్కడ చేస్తున్నారు?”

“కోర్బాలో, బొగ్గు గనుల్లో.” అకౌంట్సు సెక్షనని చెప్పేలోగా ఆమె తరవాతి ప్రశ్నకి వెళ్ళిపోయింది.

“అది వదిలేసి ఇక్కడికి వచ్చేస్తారా?”

“మీరు రమ్మంటే వస్తాను.”

“ఏటీ?” అంది అచ్చియమ్మ.

“తాగుతారా?”

“లేదండి.”

“మంచిది. తాగొస్తే ఆ రోజే ఆఖరు.” ఆమె చెట్టు వైపు తిరిగింది. “ఇప్పుడు వినండి. ముందు తల ఎత్తి చూడాలి. ఎండుకొమ్మ ఎప్పుడు ఊడిపడుతుందో తెలీదు. చెట్టు ఎటు వాలిందో, గాలి ఎటుందో చూడాలి. రంపం ముట్టకముందే పారిపోయే దారి చూసుకోవాలి.”

“ముందేనా?”

“పడుతున్నప్పుడు వెతుక్కుంటే దొరకదు. దారి వెనక్కి, ఏటవాలుగా ఉండాలి. రంపం కొసతో ఎప్పుడూ కొయ్యకూడదు, మన ముఖం మీదికే ఎగురుతుంది. ఇంకోటి, చెట్టుని పూర్తిగా కోసెయ్యకూడదు. మధ్యలో కొంచెం చెక్క వదిలితే అదే పట్టి, మనం అనుకున్న వైపుకి వాలుస్తుంది.”

కాపురం గురించి ఇంత లోతుగా ఆలోచించిన మనిషిని ప్రతాప్ ఇంతవరకూ చూడలేదు.

ఆమె అతని చేతిలో విజిల్ పెట్టింది. “చెట్టు పొడుగుకి రెండింతల దూరంలోపు మనిషి ఉండకూడదు. మీరక్కడ నిలబడండి. ఎవరు లోపలికొచ్చినా ఊదాలి. ఎవరైనా సరే.”

తల్లీకొడుకులు సందు చివరికి వెళ్ళి నిలబడ్డారు. అమ్మాయి రంపాన్ని నేలమీద పెట్టి, బ్రేకు వేసి, పిడి మీద కాలు ఆనించి తాడు లాగింది. కాలనీ అంతా ఆ రొదే. చెట్టు పడాల్సిన వైపు మొదట్లో పుచ్చకాయ ముక్కలా గాటు తీసింది.

అప్పుడే గోడ మీద మిఠాయి పెట్టె చుట్టూ కాకులు చేరడం అచ్చియమ్మ చూసింది. చీర కుచ్చిళ్ళు పట్టుకుని అటు బయల్దేరింది.

పుట్టి బుద్ధెరిగాక తల్లికి అడ్డం చెప్పినవాడు కాదు ప్రతాప్. విజిల్ నోట్లో పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని ఊదాడు. అది తనకి కాదనుకుని ఆవిడ నడుస్తూనే ఉంది.

“అమ్మా, ఆగు.”

ఆ గొంతు ఎవరిదో అచ్చియమ్మకి అర్థం కాలేదు. ఆగి వెనక్కి చూసింది. విజిల్ విని అమ్మాయి రంపం ఆపేసింది. ఆ క్షణమే చెట్టు చిటారున ఉన్న ఎండుకొమ్మ ఒకటి విరిగి వచ్చి గోడ మీద పడింది. కోవాబిళ్ళలు నలుదిక్కులా ఎగిరాయి.

అచ్చియమ్మ తిరిగొచ్చి కొడుకు పక్కన నిలబడింది. అతని చొక్కా అంచు పట్టుకుంది.

అమ్మాయి మళ్ళీ పైకి చూసి, వెనకవైపు కోత మొదలెట్టింది. కోత మూసుకుపోకుండా అందులో ప్లాస్టిక్ చీల దిగ్గొట్టి, గట్టిగా హెచ్చరించి, ముందే చూసుకున్న దారమ్మట వెనక్కి నడిచింది. చెట్టు ఖాళీ దొడ్డిలో పొడుగ్గా పడుకుంది. క్వార్టర్ల కప్పు మీద ఒక్క పెంకు కూడా కదల్లేదు.

ముఖం మీదున్న హెల్మెట్ జాలీ పైకెత్తి, చెమట తుడుచుకుంటూ వచ్చింది ఆమె. “సొంత తల్లినే ఆపేరు. చాలామంది మొహమాటపడతారు.”

అచ్చియమ్మ నలిగిపోయిన మిఠాయి పెట్టె వైపు చూసింది. తరవాత ఏ సంబంధం దగ్గరా అడగని మాట అడిగింది.

“మావాడు నీకు పనికొస్తాడామ్మా?”

“పనికొస్తాడు. మిగతాది నేను నేర్పుకుంటాను.”

“మరి నేనో? వాడెక్కడుంటే నేనూ అక్కడే.”

సగం సంబంధాలు ఈ మాట దగ్గరే విరిగేవి.

అమ్మాయి ఆవిడని ఎగాదిగా చూసింది. “చాకిరీ చెయ్యగలరా?”

“ఎందుకు చెయ్యలేనమ్మా. ఇప్పటికీ అన్నీ నా చేతి మీదే.”

“అచ్ఛా. అయితే ఇద్దర్నీ తీసుకుంటాను.”

అచ్చియమ్మ హెల్మెట్ కిందనుంచే కళ్ళొత్తుకుంది. “నీది పెద్ద మనసు తల్లీ. మరి ఎప్పుడు పెట్టుకుందాం?”

“రేపే. ఆలస్యమెందుకు?”

రేపే అనేసరికి ప్రతాప్ చొక్కా సర్దుకున్నాడు. ఆమె చేతికున్న గ్లవ్ తీసి, అతని వైపు చూసి మొదటిసారి నవ్వింది.

“పొద్దున్నే మోప్కా కలప డిపోకి వచ్చెయ్యండి, కొత్త కూలీలకి డ్యూటీ అక్కడే.”