పక్క లైను

"కాళ్ళా అవి, కరెంటు స్తంభాలా? ఆడించు!"

కోచ్ అరుపుకి పూల్‌లో నీళ్ళు కూడా ఉలిక్కిపడ్డాయి. నేను మాత్రం మునిగాను. మునగడంలో నాకెవరూ సాటి రారు.

ఆదివారం పరీక్ష. ఈత రానివాళ్ళు ఇక అకాడమీలో ఉండడానికి వీల్లేదని కొత్త నియమం పెట్టారు. ఏ ఆట వాళ్ళయినా సరే, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈదాల్సిందే. మధ్యలో ఆగితే సామాను సర్దుకోవాలి. మైదానంలో పులిననుకునే నేను, నీళ్ళలోకి దిగాక తడిసిన పరుపునని తెలిసింది. నేను దిగితే పూల్‌లో నీళ్ళు పెరుగుతాయి తప్ప నా ఈత పెరగదు.

తప్పించుకోవాలని చూడకపోలేదు. మొన్న జలుబన్నాను. నిన్న మోకాలన్నాను.

"ఇలాంటి సాకులు నేనెన్ని చెప్పి ఉంటాను!" అంది కోచ్. "దిగు."

దిగాను.

"పక్కకి చూడకు! తిండి మీదున్న ధ్యాస ఆట మీదుంటే ఈపాటికి పతకం వచ్చేది!"

గట్టున కూర్చున్న తల్లులు కొందరు ముసిముసిగా నవ్వారు. ఆ తిట్లు నాకు కొత్త కాదు. ఏ మాట దగ్గర గొంతు పెరుగుతుందో, ఎక్కడ విజిల్ పడుతుందో కంఠతా వచ్చు. ఆ విజిల్ మీది పంటిగాట్లతో సహా తెలుసు. పోనీ ఇంట్లో చెప్పుకుందామా అంటే, ఇంట్లో అందరూ కోచ్ పక్షమే.

పక్క లైను సంగతి వేరు. అక్కడి మాస్టారు నడుంలోతు నీళ్ళలో నిలబడి, ఒక బుడతడి పొట్ట కింద చెయ్యి పెట్టి నేర్పుతున్నారు.

"నీళ్ళు మింగావా కన్నా? ఫర్వాలేదు, నేనూ బోలెడు మింగాను. మళ్ళీ చూద్దామా?"

ఆ బుడతడు కిలకిలా నవ్వుతూ నన్ను దాటిపోయాడు. కాస్త జాలిగా కూడా చూశాడు.

సగం దూరం పోయేసరికి నాకు ఊపిరి అందలేదు. లైను తాడు పట్టుకుని, ఆరేసిన దుప్పటిలా వేలాడాను.

"తాడు వదులు! ఎవరు ఆగమన్నారు? ఏడుస్తున్నావా?"

"క్లోరిన్... కళ్ళలో పడింది."

"ఏడ్చేవాళ్ళు ఇంట్లో కూర్చోవాలి!"

ఇక ఉండబట్టలేకపోయాను.

"నేను పక్క లైనులోకి వెళ్ళిపోతాను."

విజిల్ నోటిదాకా వెళ్ళి ఆగింది. కోచ్ గట్టు మీద గొంతుక్కూర్చుంది.

"ఎందుకు?"

"ఆ అరుపులు వింటుంటే వచ్చిన కాస్తా మర్చిపోతున్నాను."

"అరవకపోతే బద్ధకం వదలదంటారుగా?"

"బద్ధకం కాదు, భయం. చెయ్యి ఎత్తాలన్నా భయంగా ఉంది."

"ఒట్టు?"

"ఒట్టు. ఆ మాస్టారి దగ్గరైతే ఆదివారానికి ఈదేస్తాను."

కోచ్ మెడలోంచి విజిల్ తీసి, నానిపోయి ముడతలు పడ్డ నా అరచేతిలో పెట్టింది.

"అయితే రేపట్నుంచి పరుగు పందేలకి నన్ను కూడా నీ దగ్గర మాన్పించి, అరవని కోచ్ దగ్గర చేర్పిస్తావా, నాన్నా?"