పండుగ సున్నం

"ఓ అవ్వా! మా గోడ మీద ఏం జేస్తున్నవ్?"

రమ కేకకు ముసలామె చేతిలోని బొగ్గు ముక్క కింద పడింది.

వెనక క్వార్టర్లో ఉండే ఉపేందర్ ఇంటికి ఆమె చుట్టపుచూపుగా వచ్చింది. రోజూ పొద్దున్నే తలస్నానం చేసి, బొగ్గును కళ్లకద్దుకుని, రమ వాళ్ల పెరటి గోడ ముందు కూర్చుంటుంది. ఒక మాట రాస్తుంది. పెదవులు కదుపుతుంది. తడిగుడ్డతో తుడుస్తుంది. మళ్లీ రాస్తుంది.

ఇన్నాళ్లూ రమ చూసీ చూడనట్టు ఊరుకుంది. ఈ రోజు గోడంతా నిండింది.

"రాసుకుంటున్న బిడ్డా."

"మా గోడనే దొరికిందా? అంత నల్లగ జేస్తివి!"

"కోపం జెయ్యకు. ఇది నాకు పూజ అసొంటిది."

"పూజైతే గుడికి పో అవ్వా."

ముసలామె నవ్వింది. "నోట్ల నిలుస్తలేదు బిడ్డా. పొద్దున అనుకున్నది పగటికి పోతున్నది. ఇయ్యాల్నే కుదిరింది. రెండు దినాలు ఉండనియ్యి, మా మనుమరాలు వచ్చి రాసుకపోతది."

వంకర అక్షరాలు. మాటకూ మాటకూ సందు లేదు. రమ చదవలేదు.

లోపల ఫోన్ మోగింది. మంథని నుంచి విశాలాక్షమ్మ. బొగ్గుగనుల్లో, బాయిల్లో దిగేవాళ్ల ఇళ్ల ఆడవాళ్లు పాడే బతుకమ్మ పాటలను పుస్తకంగా తెస్తున్నదామె. పాటలు సేకరించే పని కథలు రాసే రమకు అప్పగించింది.

"రమా, బాయి పాట చివర దొరికిందా?"

"లేదు మేడం. అందరికీ సగమే వస్తది."

*తల మీద దీపంతో ఉయ్యాలో... బాయిలకు దిగిండు ఉయ్యాలో...*

గోదావరిఖనిలో ఏటా అక్కడికి రాగానే పాట ఆగిపోతుంది. దిగినవాడు పైకొచ్చాడా లేదా ఎవరికీ తెలియదు.

"అది లేకుంటే మన పుస్తకం ఎందుకమ్మా?"

"నాకూ అదే ఫికర్ మేడం. కట్టినామె దొరికితే కాళ్లు మొక్కుత. రాసుడు తపస్సని మనం ఊకె అంటం. ఆ పాటల ఉన్నది, తపస్సంటే."

ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చిన భర్త సంపత్ చేతికి రమ సున్నం బకెట్ ఇచ్చింది.

"రెండు దినాలు ఆగుమన్నదట గద, పాపం. నీకు ల్యాప్‌టాప్, ఆమెకు గోడ. ఇద్దరూ రాసుకుంట కూసుంటే నాకు చాయ్ ఎవరు పెడ్తరు?"

"ఎల్లుండే సద్దుల బతుకమ్మ. వచ్చినోళ్లు ఆ గీతలు చూసి నవ్వాల్నా? జల్ది కానియ్యి."

ముసలామె అవతల నిలబడి చూసింది. బ్రష్ పైనుంచి కిందికి వస్తుంటే ఆమె పెదవులు వేగంగా కదిలాయి. చివరి వరుస తెల్లబడ్డాక ఆగిపోయాయి.

తెల్లారి ఆమె కనిపించలేదు. రమ అడగలేదు కూడా.

సద్దుల నాడు పాట మళ్లీ అక్కడే ఆగింది. ఈసారి పాట ఎత్తుకున్నది శ్రీరాంపూర్ నుంచి వచ్చిన అనసూర్య.

"దీన్ని ఎవరు కట్టిన్రు అక్కా?" అంది రమ.

"మందమర్రి కనకవ్వ. ఆమె పెనిమిటి బాయిల దిగి మళ్ల రాలే. పాటలనన్న పైకి తెస్త అంటది. ఇన్నేండ్లాయె, చివర కుదురుతలేదు."

తెల్లారి మొదటి బస్సుకే రమ మందమర్రి వెళ్లింది. చేతిలో పూలు, పండ్లు, కొత్త చీర.

కనకవ్వ మనుమరాలు దీప తలుపు తీసింది.

"పాట కోసం వచ్చిన్రా? మూడు దినాల కింద ఫోన్ల చివర కుదిరిందని మస్తు సంబురపడ్డది మేడం. ఇంటికొచ్చేసరికి మర్చిపోయింది. ఇప్పుడు పాట మొత్తమే యాదికి లేదు. తాత పేరు గూడ."

"ఒక్కసారి చూసిపోత."

రమ లోపలికి అడుగుపెట్టింది.

మంచం మీది ముసలామె తలెత్తి చూసి, గబగబా రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది.

"గోడ ముట్టలే బిడ్డా... బొగ్గు పారేసిన."