కళ్ళకద్దుకోని చెయ్యి

బాస్కెట్‌బాల్‌లో ఫ్రీ త్రో వేసే ముందు నేల మీది గీతను తాకి వేళ్ళు కళ్ళకద్దుకోవడం హైమవతికి చిన్నప్పటి అలవాటు. కాకినాడ అమ్మాయిల జట్టుకు యంత్రపు తొడుగులు వచ్చాక అది సాగడం లేదు. చేతిని భుజందాకా పట్టేసే ఆ తొడుగు, గురి తప్పకుండా బంతి వేయిస్తుంది; బంతికి పనికిరాని కదలికను మధ్యలోనే ఆపేస్తుంది.

"చెయ్యి కళ్ళదాకా పోనివ్వట్లేదు మేడమ్," అంది కోచ్ లూర్దమ్మతో.

"పోకపోతే పోయిందిలే. పదికి నాలుగేసేదానివి, ఇప్పుడు పదికి పదీ పడట్లేదా? అందరూ తొడుక్కుంటుంటే మనం వట్టి చేతుల్తో దిగితే ఎలాగమ్మా?"

ఆ ఏడు ఫైనల్ కూడా వాళ్ళ జట్టే గెలిచింది.

ఫైనల్ అయిన రెండు రోజులకు హైమవతి ఇంటికి రాగానే అమ్మ దేవుడికి కర్పూరం వెలిగించి హారతి పళ్ళెం ముందుకు పట్టింది. హైమవతి మంట మీద చెయ్యి చాపి కళ్ళకద్దుకోబోయింది. చెయ్యి గుండె దగ్గరే ఆగిపోయింది. ఆపైన తనంతట తనే నుదురు దాటి లేచి, మణికట్టు వంచి, లేని బంతిని గాల్లోకి వదిలింది.

"దేవుడి ముందు ఆ కుప్పిగంతులేంటే? ముందా తొడుగు తీసెయ్," అని కసిరింది అమ్మ.

హైమవతి చొక్కా చెయ్యి పైకి లాగి చూపించింది. లోపల వట్టి చెయ్యే ఉంది.

"మొన్న ఆట అవగానే తీసేశానమ్మా."