బెండకాయ కొస

నూకరత్నం చేతికి ఆ పల్చటి తొడుగు వేశాక, సూపర్‌మార్కెట్‌లో ఎవరూ ఆమె పక్కన కూర్చుని అన్నం తినడం లేదు. ఆమె చేసే పనిని తొడుగు నేర్చుకుని మరచేతులకి నేర్పుతుంది. పని వచ్చేసిందంటే మణికట్టు దగ్గర పచ్చలైటు వెలుగుతుంది, ఆ సెక్షన్‌లో మనుషులు ఇంటికి పోతారు. పప్పుల సెక్షన్‌ అలాగే ఖాళీ అయింది.

"ఇంక చేపలూ, కూరగాయలే మిగిలాయి. ఎటు మారతావో నువ్వే చెప్పమ్మా," అన్నాడు మేనేజరు.

రేవులో పుట్టి పెరిగిన మనిషికి చేపలు కోయడం ఎవరూ నేర్పక్కర్లేదు. కూరగాయలు ఏరడం మాత్రం బొత్తిగా చేతకాదు. తనకి రాని పని తొడుగుకీ రాదు కదా, అక్కడివాళ్లు ఇంకొన్నాళ్లు బతుకుతారు అనుకుని, కూరగాయలే కావాలంది.

మర్నాడు ముదురూ లేతా చూడకుండా బెండకాయలు బుట్టలో పడేస్తుంటే, కొనేవాళ్లు కేకలేశారు. ఏళ్ల తరబడి అక్కడే కాయలు ఏరుతున్న సన్యాసమ్మ ఉండబట్టలేకపోయింది.

"అయ్యో పిల్లా, ఇలాగైతే నిన్ను ఉంచుతారా?" అంటూ తొడుగు సంగతే మరిచిపోయి ఆమె చెయ్యి పట్టుకుంది. బొటనవేలితో బెండకాయ కొస నొక్కించింది. కొస టప్పుమని విరిగింది.

"విరిగితే లేత. వంగితే ముదురు."

"వద్దత్తా, చెయ్యి వదులు!"

"నేర్చుకోడానికి సిగ్గెందుకే?" అని సన్యాసమ్మ ఇంకో కాయ విరిపించింది, మరోటి విరిపించింది.

పచ్చలైటు వెలిగింది. సన్యాసమ్మ కాయల వంకే చూస్తూ మురిసిపోయింది.

"చూశావా, ఎంత సులువో!"