మేతకు పోయిన ఈగలు

నాలుగు గంటల బస్సుకు ఇంకా అరగంట ఉందనగా, పదేళ్ల ఏసుమణి తేనెటీగల పెట్టె ముందు గొంతుక్కూర్చుని లేవనంటే లేవనంది.

వాకాడు మిషను బడికి ఆ పెట్టె వచ్చి ఎనిమిది రోజులైంది. ఊరూరా బడిపిల్లలకు తేనెటీగల పెంపకం చూపించడం గంగాధరం ఉద్యోగం. పెట్టెను బడి వెనక మునగచెట్టు కింద స్టూలు మీద పెట్టి, చీమలెక్కకుండా స్టూలు కాళ్లను నీళ్ల చిప్పల్లో ఉంచాడు. కొబ్బరిపీచు పొగ వేసి, ఒక్కో చట్రమే పైకి తీసి, రాణి ఏదో, పనిచేసేవి ఏవో చూపించాడు. ఇక పిల్లల నోట వేరే మాట లేదు. రాణికి ఆకలైతే ఎవరితో చెబుతుందని ఒకరు, వానొస్తే మేతకు పోయినవి ఎక్కడ తలదాచుకుంటాయని ఒకరు. అందరికంటే ఎక్కువ అడిగింది ఏసుమణే.

రేపు పొద్దున నాయుడుపేట బడిలో పిల్లలు ఎదురుచూస్తుంటారు. ఉన్నది ఒకటే పెట్టె, పోయేది ఒకటే బస్సు. పెట్టె వాకిలి మూయడానికి గంగాధరం గుడ్డపీలిక తెచ్చేసరికి, ఈగలన్నీ లోపలే ఉన్నాయా అని ఏసుమణి అడిగింది. అతను అబద్ధమాడే మనిషి కాడు. అసలైతే పొద్దుగూకినాక మూయాలనీ, ఇప్పుడు కొన్ని మేతకు పోయి ఉంటాయనీ చెప్పాడు.

"అవి తిరిగొస్తే?"

"ఈ చోటికే వస్తాయమ్మా. వాటికి గుర్తుండేది చోటే. పెట్టె యాడికి పోయిందో వాటికెట్లా తెలుస్తుంది? రెండు రోజులు ఇక్కడిక్కడే తిరుగుతాయి."

"ఆ తర్వాత?"

గంగాధరం పీలికను వేలికి చుట్టుకున్నాడు. ఏసుమణి వాకిలికి అడ్డంగా కూర్చుంది అప్పుడే.

కబురు విని హెడ్మాస్టరు జకరయ్య వచ్చాడు. ఏసుమణి ఆయన చిన్న కూతురే. అసలే ఆయన చిరాకులో ఉన్నాడు. చిల్లకూరుకు బదిలీ అయింది, సోమవారానికి బండి మాట్లాడాడు, ఇంట్లో సామాను సగం మూటల్లో ఉంది.

"లెయ్యి. ఆయనకు బస్సు తప్పిపోతుంది."

"అవి కూడా వచ్చేస్తాయి సార్."

బడిలో నాయనను సార్ అనే పిలవాలన్నది ఆయన పెట్టిన కట్టుబాటు. ఆ పిల్ల ఏనాడూ తప్పలేదు.

"బడంతా సారుకు భయపడతా ఉంటే, సారు బిడ్డ ఈగలకు కాపలా కాస్తా ఉంది," అంది బడి ఊడ్చే గురవమ్మ. పిల్లలు కిసుక్కుమన్నారు.

"పోయినవాటి కోసం ఉన్నవాటిని ఆపుకుంటామా?" జకరయ్య గొంతు ఉండాల్సిన దానికన్నా పెద్దదైంది. "చెప్పకుండా గడప దాటినవి, వాటి పాట్లు అవే పడతాయి."

"ఈగలు ఎవరికి చెప్పి పోవాల సార్?" అన్నది వెనక నిలబడ్డ చిన్నపిల్ల చెంచమ్మ. తెలుసుకుందామనే అడిగింది పాపం.

ఆయన మొహం తిప్పుకుని బస్సు వచ్చే దారి వైపు చూశాడు.

గంగాధరమే దారి చూపాడు. పాత తేనెపట్టు ముక్క ఒకటి విరిచి ముంతలో పెట్టాడు. పెట్టె దించాక అదే స్టూలు మీద, వాకిలి ఉన్న వైపుకే మూతి తిప్పి ముంతను పడుకోబెడతానని చెప్పాడు. తిరిగొచ్చినవి తమ ఇంటి వాసన పట్టుకుని అందులో చేరతాయనీ, చీకటి పడ్డాక మూతికి పలచటి గుడ్డ కట్టి రేపటి బస్సులో పంపిస్తే మళ్లీ గుంపులో కలుపుకుంటాననీ అన్నాడు. పంపుతానని జకరయ్య మాటిచ్చాడు. అప్పుడు లేచింది ఏసుమణి. గంగాధరం వాకిలి మూసి పెట్టె దించి, చెప్పినట్టే ముంతను పెట్టాడు.

బస్సు పోయింది, పిల్లలూ పోయారు. సముద్రం గాలి తిరిగింది. మునగచెట్టు కింద తండ్రీ కూతుళ్లిద్దరే మిగిలారు.

మొదటి ఈగ వచ్చి, పెట్టె ఉండాల్సిన ఖాళీలో గిరగిరా తిరిగింది. పైకి పోయింది, కిందికి దిగింది, స్టూలు అంచున వాలి మళ్లీ లేచింది. చివరికి ముంత మూతి దగ్గర ఆగి, లోపలికి నడిచింది. వెనకే ఇంకొకటి. తర్వాత మూడు. జకరయ్య తనకు తెలియకుండానే వంగి లెక్కపెడుతున్నాడు. ముప్పై దాకా వచ్చాక రావడం పలచబడింది. చీకటి పడుతుండగా గురవమ్మ గుడ్డ తెచ్చి, ఇక కట్టేద్దామా సారూ అంది.

"ఇంకొంచేపు చూద్దాం," అన్నాడాయన. కళ్లు ముంత మీదే ఉన్నాయి.

ఏసుమణి ఆయన చెయ్యి పట్టుకుంది. బడి ఆవరణలో ఉన్నామన్న సంగతి మరిచిపోయింది.

"నాయనా, సోమవారం మనం ఇల్లు మారతాం గదా. అక్క ఎప్పుడన్నా తిరిగొస్తే, ఇక్కడ ఏం పెట్టి పోదాం?"