దొంగ పొంగు

మరిచిపోయిన కళ్ళజోడు కోసం వంటింట్లోకి తిరిగొచ్చిన వంటావిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

తాను కాచి దింపిన సోయాపాల గిన్నె మళ్ళీ పొయ్యి మీద ఉంది! గిన్నెలు తోమే ముసలాయన దాని ముందు నిలబడి తీరుబడిగా గరిటె తిప్పుతున్నాడు.

"ఓహో! గ్యాసు నెల తిరక్కుండానే ఎందుకు అయిపోతోందో ఇప్పుడు తెలిసింది!"

ఆవిడ గొంతు సామాన్యమైంది కాదు. ఆ కేకకి కుక్కరు కూడా ఈల మింగేస్తుందని ఆ పసిపిల్లల కేంద్రంలో చెప్పుకుంటారు.

ముసలాయన గరిటె ఆపలేదు.

"మీరు దింపింది దొంగ పొంగమ్మా. సోయాపాలు మరగకముందే నురగెత్తి పొంగుతాయి. మీరు పనిలో చేరిన రోజే చెప్పాను."

"చెప్పావులే! పాతికేళ్ళుగా గరిటె పట్టినదాన్ని. పాలు కాచడం నువ్వు నేర్పుతావా నాకు?"

"పొంగాక పావుగంట మరగాలమ్మా. పసికడుపులు..."

"ఆ పసికడుపులు మూడు నెల్లుగా నా చేతి పాలే తాగుతున్నాయి! నా మనవరాల్ని చూడు. పుల్లలా ఉండేది, బంతిలా అయింది. అదీ నా చేతి చలవ!"

ముసలాయన నవ్వాడు.

ఆ నవ్వుకి ఆవిడ ఒళ్ళు మండిపోయింది. గరిటె లాక్కుంది.

"గ్యాసు దొంగా! ఫో బయటికి! రేపట్నించి ఈ గడప తొక్కావంటే చూడు!"

గుమ్మం దగ్గర ఆగి అన్నాడాయన, "పావుగంటమ్మా, మరిచిపోకండి."

తలుపు ఆయన మొహం మీదే పడింది.

మూడో రోజుకల్లా పిల్లలందరికీ వాంతులు, కడుపునొప్పి. మనవరాలు తోటకూర కాడలా వాలిపోయింది.

డాక్టరమ్మ వచ్చి, పాలు ఎలా కాస్తారో చూపించమంది. వంటావిడ కాచింది. పొంగగానే విసురుగా పొయ్యి కట్టేసింది.

డాక్టరమ్మ థర్మామీటరు ముంచి చూసి తల పట్టుకుంది.

"ఇవి మరగనేలేదు! పచ్చి సోయాలో ఒక పదార్థం ఉంటుంది. తిన్నదాన్ని అరిగించే ఎంజైముల్ని పట్టుకుని పని చెయ్యనివ్వదు. బాగా మరిగితేనే దాని పొగరు అణిగేది. ఎన్నాళ్ళనించి ఇలా కాస్తున్నారు?"

"మొదట్నించీ ఇలాగేనండీ, మూడు నెలలుగా!" వంటావిడ గయ్యిమంది. "అప్పుడు రాని జబ్బు ఇప్పుడెలా వస్తుంది?"

"అదే నాకూ అంతుపట్టట్లేదు. ఇలా కాస్తే మొదటి వారంలోనే పిల్లలు మంచాన పడాలే!"

వంటావిడ మళ్ళీ నోరు తెరిచింది. అంతలో ఆవిడ చూపు పక్కకి మళ్ళింది.

తొట్టి పక్కన తోమని గిన్నెలు గుట్టగా పడి ఉన్నాయి.

మూడు నెలలుగా ఆ పసివాళ్ళకి పాలు కాచింది, తాను పేరైనా అడగని ఆ గిన్నెలు తోమే మనిషి.