పోయిన వస్తువుల ఆఫీసు

“ఈ బల్ల వెనక కూర్చున్నావిడ గుమస్తా. మీరేదో పారేసుకుని ఇక్కడికొచ్చారు. ఆవిడ అడగాలి, మీరు చెప్పాలి. అంతా భూతకాలంలోనే. తెలుగు ముక్క వినబడకూడదు. ఎవరు ముందు?” అన్నారు ఇంగ్లీషు మాస్టారు.

క్లాసులో ఉన్నవాళ్లంతా పగలు పనులు చేసుకుని సాయంత్రం చదువుకునే పెద్దవాళ్లే. అయినా ఒక్కసారిగా పిల్లల్లా తలలు దించుకున్నారు. ఆ రోజే చేరిన టైలరమ్మ మాత్రం చరచరా నడిచి బల్ల ముందు నిలబడింది.

గుమస్తాగా కూర్చున్నది బేకరీలో కౌంటరు చూసే ఆవిడ. క్లాసులో అందరికన్నా గలగలా మాట్లాడేది ఆమే. ఇప్పుడు మాత్రం టైలరమ్మ మొహంలోకే చూస్తూ కూర్చుంది.

“అడగండమ్మా!” మాస్టారు తొందరపెట్టారు.

“వాట్ డిడ్ యూ లూజ్?”

“అంబ్రెల్లా.”

“వెన్?”

“టెన్ ఇయర్స్ ఎగో,” అంది టైలరమ్మ.

క్లాసు గొల్లుమంది. “ఇన్నేళ్లూ తడుస్తూనే ఉన్నారా?” అన్నాడు వెనక కూర్చున్న లారీ డ్రైవరు.

“హౌ డిడ్ యూ లూజ్ ఇట్?” బేకరీ ఆవిడ గొంతు కరుకుగా ఉంది.

“ఐ వాజ్ యాంగ్రీ. ఐ త్రూ హర్ అవుట్.”

“హర్ కాదు, ఇట్!” మాస్టారు దిద్దారు. “తెలుగులో పిల్లనీ ‘అది’ అంటాం, గొడుగునీ ‘అది’ అంటాం. ఇంగ్లీషులో అలా కుదరదు.”

టైలరమ్మ తలూపి, మళ్లీ బల్లవైపు తిరిగింది. “షి క్రైడ్. ఐ క్లోజ్డ్ ది డోర్.”

“గొడుగు ఏడ్చిందట!” డ్రైవరు పడీపడీ నవ్వాడు.

బేకరీ ఆవిడ నవ్వలేదు. “డిడ్ యూ సెర్చ్ హర్?”

“మీరూనా! ఇదేం అంటురోగమమ్మా!” అన్నారు మాస్టారు.

“ఎవ్రీవేర్,” అంది టైలరమ్మ. “ఐ వాజ్ రాంగ్.” ఆ మాట ముందే నేర్చుకుని వచ్చినదానిలా, ఎక్కడా తడబడకుండా అంది.

“శభాష్! ఆ ‘షి’ ఒక్కటి దిద్దుకుంటే నూటికి నూరు,” మాస్టారు చప్పట్లు కొట్టారు. “ఇక గుమస్తాగారు వస్తువు ఇచ్చేస్తే ఆట అయిపోయినట్టే.”

బేకరీ ఆవిడ లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి టైలరమ్మ ఎదురుగా నిలబడింది.

“ఒక్క మాట తెలుగులో అడగొచ్చా మాస్టారూ?”

“సరే, ఒక్కటే.”

“అమ్మ ఎలా ఉందక్కా?”